జ్వరముతో పనికి పోవుట



నేను 34 సంవత్సరములు పల్లెటూరి ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. వైద్యుడను గాను. కావున నేడు మీతో ముచ్చటింప దలచినది మందులను గూర్చి గాక, ఒక ధర్మమును గూర్చి. ఒంట జ్వరమో, దగ్గో, వాంతులో, విరేచనములో ఉన్నప్పుడు మనిషి పనికి పోవచ్చునా, పోరాదా? ప్రశ్న చిన్నదిగానే తోచును. కాని దీనికి నేనొకప్పుడు తప్పు సమాధానము చెప్పుకొంటిని. ఆ తప్పు బరువు చాల కాలము నన్ను విడువలేదు. గ్రామమున నలుగురికి మంచిచెడ్డలు చెప్పు పెద్దలు మీరు గనుక, ముందుగ దానిని మీకు చెప్పి, పిదప నాకు తోచిన నాలుగు మాటలు విన్నవించెదను.

మన పల్లెలలో కష్టజీవికి గల గౌరవము మఱియొకరికి లేదు. ఒళ్ళు కాలుచున్నను చేను విడువనివానిని "మనిషంటే వాడురా" అని మెచ్చుకొందుము. రెండు దినములు ఇంటిపట్టున నున్నవానిని "రెండు తుమ్ములకే ముసుగు తన్నినాడు" అని ఎగతాళి సేయుదుము. నేనును ఈ మెప్పు వినుచు, ఈ మెప్పునే కోరుచు పెరిగినవాడను.

అది 1994వ సంవత్సరము, శ్రావణ మాసము. ముసురు పట్టి నాలుగు దినములైనది. అప్పటికి తొమ్మిదేండ్లుగా నేనొక్క పూటయైనను సెలవు పెట్టి యెరుగను. ప్రధానోపాధ్యాయులు ఆ మాట నలుగురిలో చెప్పుటయు, నేను వినయముతో తల వంచుకొని లోలోన ఉప్పొంగుటయు పరిపాటి. ఒక సోమవారము తెల్లవారునప్పటికి గొంతు మంట, ఒళ్ళు నొప్పులు, చలి. నా భార్య నుదుట చేయి పెట్టి చూచి, "ఒళ్ళు పెనంలా ఉందండీ. ఈ రెండు రోజులూ సెలవు చీటీ పంపించండి" అన్నది. "నేను పోకున్న ఆరవ తరగతికి పాఠము చెప్పువారెవరు?" అని, ఒక జ్వరపు మాత్ర మ్రింగి, కండువా చెవులకు చుట్టుకొని బయలుదేరితిని.

జల్లు లోనికి కొట్టకుండ తరగతి కిటికీలన్నియు మూసియుండెను. లోపల నలువదిమందికి పైగా పిల్లలు. ఆ నాటి పాఠము పద్యభాగము. నేను బిగ్గరగ పద్యము చదువుట, పిల్లలు నా వెంట చదువుట, నడుమ నడుమ నేను దగ్గుట. పిదప ఒక్కొక్కరి పుస్తకముపై వంగి తప్పులు దిద్దితిని. మాత్ర ప్రభావమున మధ్యాహ్నమునకు జ్వరము దిగెను. "చూచితివా! పనిలో పడినచో రోగము తానే పారిపోవును" అని సాయంకాలము ఇంట గొప్పలు గూడ చెప్పితిని. మంగళవారమును, బుధవారమును అట్లే పోతిని. గురువారము నాటికి ఏడుగురు పిల్లలు బడికి రాలేదు. శనివారము నాటికి సగము బల్లలు ఖాళీ.

ఆ రానివారిలో ఒక బాలుడు గలడు. వానికి తండ్రి లేడు. రాత్రులు తాత ప్రక్కలో పండుకొనువాడు. తాతకు డెబ్బది యేండ్లు దాటినవి. పాత ఉబ్బసము మనిషి. పిల్లవాడు మూడు దినములలో లేచి ఆడుకొనెను. తాత లేవలేదు. జ్వరము ఊపిరితిత్తులకు దిగి, ఆయాసము హెచ్చి, పట్టణములోని ఆసుపత్రికి చేర్చిన రెండవ నాడు కన్నుమూసెను. నేను పరామర్శకు పోతిని. అరుగుమీద కూర్చున్న ఆ పిల్లవాడు లేచి వచ్చి నా చేయి పట్టుకొని, "మాస్టారూ! తాతకు జరం నేనే అంటించానంట. నిజమేనాండీ?" అని యడిగెను. ఇంట ఎవరో దుఃఖములో నన్న మాట వాని చెవిని బడినది. "నీవు గాదురా, నీకు తెచ్చి యిచ్చినవాడను నేను" అని నేననవలసి యుండెను. అనలేదు. వాని తల నిమిరి ఊరకయే వచ్చితిని.

ఆ జ్వరము నా నుండియే పోయినదని ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పజాలదు. ఊర అంతకు ముందే ఒకరిద్దరికి ఉండియుండవచ్చును. కాని నా నుండి పోలేదని నా మనస్సు నేటి వరకు తీర్పు చెప్పలేదు.

ఇట్టి జ్వరము ఎట్లు ప్రాకునో నేడు స్పష్టముగ తెలిసియున్నది. ఇన్‌ఫ్లుయెంజా సోకినవాడు దగ్గినను, తుమ్మినను, బిగ్గరగ మాటలాడినను, కంటికి కానరాని తుంపరలు వెలువడి ప్రక్కవారి ఊపిరిలో చేరును. సోకిన తరువాత 1 మొదలు 4 దినములలో వారికిని జ్వరము తగులును. రోగి తనకు జబ్బు చేసినదని యెరుగుటకు ఒక దినము ముందు నుండియే దానిని పంచిపెట్టగలడు. అయినను మిక్కిలిగ పంచిపెట్టునది జబ్బు బయటపడిన మొదటి మూడు నాలుగు దినములలో. అనగా మనము పట్టుదలతో "నాకేమియు గాదు" అని పనికి పోవు దినములే ఇరుగుపొరుగునకు అన్నిటికన్న చెడ్డ దినములు. తలుపులు మూసిన గది, ఒత్తుగ కూర్చున్న మనుష్యులు, గొంతెత్తి మాటలాడువాడు, ఈ మూడును కూడినచో ఇక చెప్పవలసిన పని లేదు. నా తరగతి గదిలో ఆ మూడును కూడినవి.

బలముగలవానికిది మూడు నాళ్ళ ముచ్చట. ముసలివారికి, పసివారికి, గర్భిణులకు, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు గలవారికి ఇది ప్రాణాంతకము కాగలదు. 1918లో బొంబాయి రేవున ప్రవేశించి రైలుమార్గముల వెంట దేశమెల్ల ప్రాకిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది. ఆ రైళ్ళలో రోగము తనంతట తాను ప్రయాణము చేయలేదు. మనుష్యులతో కలిసి ప్రయాణము చేసినది.

ఇది మన పూర్వులకు తెలియని సంగతియా యన్న, కాదు. జ్వరము, క్షయ, కండ్లకలక మొదలగునవి తాకుడు వలనను, ఊపిరి వలనను, కలిసి భుజించుట, ఒకే పడకను వస్త్రమును వాడుకొనుట వలనను ఒకరి నుండి యొకరికి సంక్రమించునని సుశ్రుత సంహితలో చెప్పబడియున్నది. నేను చదువుకొన్న గురువుగారి యింట, జలుబు చేసిన శిష్యుని అరుగుమీద ఎడముగ కూర్చుండబెట్టి, వానికి వేరు చెంబు, వేరు పుస్తకము ఇచ్చెడివారు. పాఠము మానుపలేదు, పిల్లవానిని కసరలేదు. అంతమాత్రము ఎడము. మన పల్లెలలో ఆటలమ్మ పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టుట మీరందరు నెరిగినదే. ఆ మండలు చూచిన బాటసారి లోనికి రాడు. ఇంటివారు పెండ్లికి పేరంటమునకు పోరు. దాని కెవ్వరును తప్పుపట్టరు. అమ్మవారి విషయమున ఇంత వివేకము చూపిన మనము, దగ్గు జ్వరముల విషయమున ఏల చూపకుంటిమి? అమ్మవారు ఒంటిపై కనబడును. దగ్గు జ్వరము కనబడదు. కనబడనిదానిని లేనిదిగా తలంచితిమి.

దీనికి తోడు ఇప్పుడొక క్రొత్త చిక్కు వచ్చినది. అది జ్వరపు మాత్ర. పారాసిటమాల్ మంచి మందే. ఒంటి వేడిని, నొప్పిని తగ్గించును. కాని అది వేడిని దించునే గాని, రోగక్రిమిని చంపదు. ఊపిరిలో వెలువడు దానిని ఆపదు. పూర్వము జ్వరము వచ్చినవాడు నిలువలేక మంచము పట్టెడివాడు. ఆ మంచమే ఊరికి రక్షణ. ఇప్పుడు మాత్ర వేసికొని, చెమట పట్టగానే లేచి, కూలికిని, సంతకును, పెండ్లికిని పోవుచున్నాడు. ఇది నిప్పు నార్పక పొగను మాత్రము విసరికొట్టినట్లు. మాత్ర లేకయే ఒక పగలు ఒక రాత్రి జ్వరము రాకున్ననే జ్వరము విడిచినట్లు లెక్క.

ఇక జనులు జబ్బుతో పనికేల పోవుదురో విచారింతము. కారణములు మూడు. మొదటిది గర్వము, అది నావంటి వారి రోగము. రెండవది భయము, యజమాని కోపించునేమో, తన స్థానమున మఱియొకరిని పెట్టుకొనునేమో యని. మూడవది ఆకలి. ఈ మూడవదే అన్నిటికన్న బలమైనది. నాకు సెలవు పెట్టినను జీతము పోదు. అయినను నేను పెట్టలేదు, కావున నా తప్పు పెద్దది. నాట్లకు పోవు కూలిమనిషికి ఆ దినము కూలియే ఆ దినము కూడు. "నీవు ధర్మము తప్పితివి" అని ఆమెను నిందించు అర్హత మనకెక్కడిది?

ఈ విషయమున అమెరికా దేశపు ఒక వంటమనిషి కథ వినదగినది. ఆమె పేరు మేరీ మాలన్. 1906లో న్యూయార్కు సమీపమున ఆమె వంట చేయుచున్న ఒక ఇంట 11 మందిలో ఆరుగురికి టైఫాయిడు జ్వరము వచ్చెను. విచారింపగా, ఆమె అంతకు ముందు పనిచేసిన పలు ఇండ్లలో గూడ ఆ జ్వరము వచ్చినట్లు తేలెను. ఆమె ఒంట ఏ బాధయు లేదు. కాని రోగక్రిమి మాత్రము కడుపులో నిలిచియుండి, చేతుల ద్వారా భోజనములో చేరుచుండెను. 1907లో అధికారులు ఆమెను పట్టి ఒక దీవిలో వేరుగ నుంచిరి. 1910లో, ఇక వంట చేయనని మాట తీసికొని విడిచిపెట్టిరి. బట్టలుతుకు పనిలో కుదిరెను. ఆ పనికి కూలి వంటపనికన్న తక్కువ. కొన్నాళ్ళకు ఆమె పేరు మార్చుకొని మరల వంటశాలలో చేరెను. 1915లో ఆమె వంట చేసిన ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడు సోకి ఇద్దరు మరణించిరి. అప్పుడు మరల ఆ దీవికే పంపిరి. 1938లో మరణించు వరకు ఆమె అక్కడనే యుండెను.

ఆమె తప్పు చేయలేదని నేననను. మాట యిచ్చి తప్పినది, ప్రాణములు పోయినవి. కాని "ఆ పని చేయకుము" అని చెప్పుట సులభము. "ఆ పని మానినచో నీవేమి తిందువు?" అని యడిగి, దానికి దారి చూపుట కష్టము. మొదటి మాట చెప్పి రెండవది విడిచినచో, ఆకలి మనిషిని మరల పొయ్యి యొద్దకే ఈడ్చును.

ఈ రెండవ ప్రశ్నకు సమాధానముగనే 1883లో జర్మనీ దేశము కార్మికులకు రోగకాలమున కొంత వేతనము లభించునట్లు చట్టము చేసినది. మన దేశమున 1948లో ఉద్యోగుల రాష్ట్ర బీమా చట్టము చేసినప్పుడు కర్మాగారములలోని కార్మికులకు అట్టి ఏర్పాటు కలిగినది. కాని పొలములో కూలికి పోవువారికి అట్టి నీడ లేదు. వారికి నీడ కావలసినది మీరే, గ్రామ పెద్దలారా!

"తుమ్మినవాడెల్ల ఇంట కూర్చున్న నాట్లు పడునా?" అని మీరనవచ్చును. లెక్క చూతము. ఇరువదిమంది ముఠాలో ఒకరికి జ్వరము వచ్చినదనుకొందము. ఆమె నాలుగు దినములు ఆగినచో పోవునది నాలుగు దినముల కూలి. ఆగక వచ్చి ఐదుగురికి అంటించినచో, ఆరుగురికి నాలుగేసి దినములు, అనగా 24 దినముల కూలి, అదియును అదను దాటు వేళ. ఆరుబయలు గాలిలో నాటునప్పుడు రోగము అంతగ ప్రాకదను మాట నిజమే. కాని ఆ ముఠా చేనికి పోవునది ఒకే ఆటోలో ఒకరి నొకరు ఒరసికొనియే గదా! త్రాగునది ఒకే చెంబుతో, తినునది ఒకే చెట్టు క్రింద గదా! కావున ఆమెకు ఆ నాలుగు దినములు సగము కూలియైనను ఇచ్చి ఇంట నుంచుట దానము గాదు; లాభసాటి బేరము. అట్లు చేయలేనిచో ముఠాలోని వారే తలకింత వేసి కొంత పైకము నిలువ యుంచుకొనవచ్చును. ఆమె వంతు పని నేడు తోడివారు చేసిపెట్టి, తరువాత ఆమెచే చేయించుకొనవచ్చును. కనీసము పూటకింత అన్నము గుమ్మమునకు పంపవచ్చును. ఇవన్నియు మన పల్లెలకు తెలియని పద్ధతులు గావు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎడము పాటించుట వేరు, వెలివేయుట వేరు. 2020 మార్చిలో కరోనా భయమున మన తెలుగు పల్లెలు పెక్కింట ఊరి మొగదలనే ముండ్లకంపలు వేసి దారులు మూసిరి. భయము సహజమే. కాని ఏ ఊర రోగిని దొంగవలె చూచిరో, ఆ ఊర రోగులు రోగమును దాచికొందురు. దాచిన రోగము ప్రాకిన రోగమే. ఎడము కొన్ని దినములది. అది రోగమునకు సంబంధించినది గాని కులమునకు, పుట్టుకకు, పేదరికమునకు సంబంధించినది గాదు. అంటరానితనమను పాత పాపమును ఆరోగ్యము పేర మరల ఇంటికి పిలువరాదు.

అన్ని జ్వరములును మనిషి నుండి మనిషికి అంటునవి గావు. మలేరియా, డెంగీ దోమ కాటుచే వచ్చును. ఆ రోగి ప్రక్కన కూర్చుండినంత మాత్రమున రాదు. కాని మొదటి దినమున ఏ జ్వరమో మనకు తెలియదు గనుక, తెలియు వరకు ఆగుట మేలు. అమ్మవారు పోసిన, పొక్కులన్నియు ఎండి పక్కు కట్టు వరకు ఆగవలెను. తట్టు పోసిన, దద్దురు కనబడిన పిదప నాలుగు దినములు ఆగవలెను. కండ్లకలక చూపుచే అంటునను మాట నిజము గాదు. చేతుల వలన, తువ్వాలు వలన అంటును. పెండ్లిలో గాని, బడిలో గాని వంట చేయువారికి విరేచనములు పట్టినచో, అవి కట్టిన తరువాత గూడ రెండు దినములు వంటశాలకు రాకుండుట మంచిది. వారు రాలేదని కసరుకొను గృహస్థు తన బంధువుల కడుపుమీదికే తెచ్చుకొనుచున్నాడు.

దగ్గు రెండు వారములు విడువకున్న, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున కఫము పరీక్ష చేయించవలెను. దానికి రుసుము లేదు. క్షయ యని తేలినను బ్రతుకుతెరువు ముగిసినదని భయపడ బనిలేదు. 1956లో మద్రాసులో ప్రారంభించిన పరిశోధన, క్షయరోగి సరిగ మందు తినుచున్నచో ఇంటనుండియే నయము చేసికొనవచ్చుననియు, అందువలన ఇంటివారికి అధికముగ అపాయము లేదనియు లోకమునకు చాటినది. మందు ఉచితము. మందు తిను కాలమున ఆహారమునకై ప్రభుత్వము నెలకు 500 రూపాయలు ఇచ్చుట 2018లో మొదలిడి, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసినది. చికిత్స కుదిరి, వైద్యుడు సరేయన్న తరువాత ఆ మనిషిని మరల పనిలోనికి పిలుచుటయు మన ధర్మమే. ఆగుమని చెప్పిన నోటితోనే రమ్మని చెప్పవలెను.

ముగించుటకు ముందు ఆ పిల్లవాని మాట చెప్పవలసియున్నది. వాడు పెద్దవాడై నగరములో యంత్రములు మరమ్మతు చేయు పనిలో స్థిరపడెను. 2021 వేసవిలో ఒకనాడు ఫోను చేసి, "మాస్టారూ, నాకు జ్వరంగా ఉంది. అమ్మ ఊరికి వచ్చేయమంటోంది. నేను రానన్నాను. తాత సంగతి మీకు తెలుసు గదా!" అనెను. అప్పటికి 27 ఏండ్లు గడచినవి. ఆ దినము నేను దాచిన మాట ఆ నాడు చెప్పితిని. నాకు జ్వరమున్నదని, తెలిసియే బడికి వచ్చితినని, వాడు అంటించినదేమైన నున్న అది నేను ఇచ్చినదే యగుననియు చెప్పితిని. వాడు కొంత సేపు మాటలాడలేదు. పిదప, "ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే మొయ్యకపోదును మాస్టారూ" అనెను. కోపముతో ననలేదు. అందువలననే అది నాకు మఱింత తగిలినది.

తొమ్మిదేండ్లు సెలవు పెట్టలేదని నన్ను మెచ్చుకొన్నవారెవరును నేడు ఆ సంగతి జ్ఞాపకము పెట్టుకొనలేదు. రెండు దినములు సెలవు పెట్టియున్న ఏమి మిగిలెడిదో నాకు జ్ఞాపకమున్నది. కావున పెద్దలారా, మీ ఊర ఎవడైన జ్వరముతో పనికి వచ్చినచో, "మొనగాడు" అని వీపు తట్టకుడు. "ఇంటికి పోయి పండుకొనుము, నీ పని మేము చూచుకొందుము, నీ కూడు నీ గుమ్మమునకు వచ్చును" అని చెప్పుడు. ఈ మూడు మాటలును కలిపి చెప్పుడు. మొదటిది మాత్రము చెప్పి ఊరకుండకుడు.

మీ యొద్ద సెలవు పుచ్చుకొనుచున్నాను. 1994లో పుచ్చుకొనవలసిన సెలవు అది.